ఉద్యానవనాలకు శుద్ధి చేసిన మురుగునీరు

ఇళ్లు, కార్యాలయాలు, హోటళ్ల నుంచి వచ్చే మురుగునీటిని శుద్ధి చేసి పార్కులకు, రోడ్డు డివైడర్లకు, గోల్ఫ్ మైదానాలకు, కాలేజీ ప్రాంగణాలకు, అపార్టుమెంట్ల లాన్లకు పెట్టడం నేడు చాలా దేశాల్లో ఉన్న పద్ధతి. పొలానికి మురుగునీరు పారించడానికీ దీనికీ తేడా ఉంది. పొలం విషయంలో ఆ పంటను ఎవరు తింటారు, పచ్చిగా తింటారా, వండుకుని తింటారా అని చూస్తారు. పార్కులో తినేదేమీ ఉండదు. గడ్డి మీద ఎవరు కూర్చుంటారు, పిల్లలు ఎక్కడ పొర్లుతారు, నీటి గొట్టం ఎవరి చేతిలో ఉంటుంది అన్నదాన్ని బట్టి నీరు ఎంత శుభ్రంగా ఉండాలో తేలుతుంది.

హైదరాబాద్ దిగువన మూసీ నీటితో దశాబ్దాలుగా పారాగడ్డి పెంచి పాడి పశువులకు వేస్తున్నారు. శుద్ధి కాని, లేదా అరకొరగా శుద్ధి అయిన నీటిని బతుకుతెరువుకు వాడుకోవడం అది. దాని కష్టనష్టాలు వేరు. ఇక్కడ చెప్పబోయేది ఒక సంస్థ బాధ్యత తీసుకుని, శుద్ధి చేసి, జనం తిరిగే చోట పచ్చదనానికి పెట్టే నీటి గురించి.

ఈ నీటి మీద ఆశ పెరగడానికి కారణం సులువుగానే కనిపిస్తుంది. మన దేశంలో పట్టణ నీటి సరఫరాకు మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది స్థూలమైన లెక్క. అందులో 80 శాతం మురుగుగా తిరిగివస్తుందని ఇంజనీర్లు లెక్కగడతారు. వేసవిలో కృష్ణా, గోదావరి నీళ్లు వందల కిలోమీటర్ల నుంచి పంపులతో ఎత్తిపోసుకునే ఊళ్లో, ఆ తాగునీటినే డివైడర్ మీది మొక్కలకు ట్యాంకర్లతో పోయడం దుబారాయే. మురుగునీటికి వేసవి సెలవులు లేవు. జనం ఉన్నంతకాలం వస్తూనే ఉంటుంది. అయితే నదిలోకి వదలడానికి పనికొచ్చే నీరు పార్కుకు పనికిరాకపోవచ్చు. ఈ రంగంలో చిక్కులు చాలావరకు ఆ తేడాను పట్టించుకోకపోవడం వల్లే వస్తాయి.

పూర్వరంగం

యూరప్‌లో 19వ శతాబ్దంలోనే ఎడిన్‌బరో, పారిస్, బెర్లిన్ నగరాల శివార్లలో మురుగు పారే పొలాలు ఉండేవి. నగర ఉద్యానాలకు శుద్ధి చేసిన నీటిని పెట్టే ఆలోచన మాత్రం అమెరికాలో బలపడింది. కాలిఫోర్నియా 1918లోనే మురుగునీటి సేద్యానికి నిబంధనలు పెట్టింది. 1926లో ఆరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ గ్రామంలో తాగునీటికి ఒకటి, శుద్ధి చేసిన నీటికి ఒకటి చొప్పున రెండు వరసల పైపులు వేసి, రెండోదాన్ని పచ్చికకు, మరుగుదొడ్లకు వాడారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ పార్కుకు తొలి రోజుల్లో మురుగునే పెట్టేవారు. ఆ తర్వాత 1932లో పార్కు లోపలే శుద్ధి కేంద్రం కట్టి, ఆ నీటిని చెట్లకు, కొలనులకు మళ్లించారు. దక్షిణ కాలిఫోర్నియాలోని ఇర్వైన్ రాంచ్ జలమండలి 1960లలో ఈ దారి పట్టింది. శుద్ధి చేసిన నీటి పైపులకు నేడు అనేక దేశాల్లో కనిపించే ఊదా రంగు అక్కడి నుంచి వ్యాపించిందే.

ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ కథ కొంచెం ఆగి చూడదగ్గది. టాంపా అఖాతంలోకి మురుగు వదలాలంటే చాలా ఎక్కువ స్థాయిలో శుద్ధి చేయాలని 1972లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. అంత ఖర్చు పెట్టి సముద్రంలో పోసేకంటే ఆ నీటిని ఊళ్లోనే వాడుకోవడం మేలని నగరం తీర్మానించుకుంది. 1977లో రెండో పైపుల వ్యవస్థ మొదలైంది. పార్కులు, బడులు, గోల్ఫ్ మైదానాలతో ఆగకుండా ఇళ్ల లాన్లకు కూడా కనెక్షన్లు ఇచ్చారు. ఆరోగ్యపరంగా ఆ ఏర్పాటుకు మంచిపేరే వచ్చింది. తలనొప్పి ఇంకో వైపు నుంచి వచ్చింది. తీరప్రాంతం కావడంతో భూగర్భంలోని ఉప్పునీరు మురుగు పైపుల కీళ్లలోంచి లోపలికి ఊరేది. క్లోరైడ్లు పెరిగి, ఉప్పును ఓర్వలేని మొక్కల ఆకులు మాడాయి. ఏ మొక్క ఎంత ఉప్పు తట్టుకుంటుందో పరిశోధన చేయించి జనానికి చెప్పాల్సి వచ్చింది. విశాఖపట్నం, కాకినాడ లాంటి తీర నగరాల ఇంజనీర్లకు ఈ అనుభవం పనికొస్తుంది.

గల్ఫ్ దేశాల్లో ఇది ఐచ్ఛికం కాదు, అవసరం. దుబాయ్, అబుదాబి రోడ్ల పక్క కనిపించే పచ్చదనంలో చాలా భాగం శుద్ధి చేసిన మురుగునీటి మీదే నిలబడింది. ఆ ఖర్జూర చెట్ల మొదళ్లలో డ్రిప్ గొట్టాలు సవరించే కార్మికుల్లో కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి వెళ్లినవారూ ఉన్నారు.

శుద్ధి చేశాక మిగిలేవి

సాధారణ శుద్ధి కేంద్రంలో మొదట చెత్తను, ఇసుకను జల్లెడపడతారు. తర్వాత గాలి ఊది సూక్ష్మజీవులను పెంచుతారు. అవి నీటిలోని సేంద్రియ పదార్థాన్ని తినేసి, ముద్దగా అడుగుకు చేరతాయి. ఇది ద్వితీయ శుద్ధి. మన మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో (ఎస్టీపీల్లో) చాలావాటి అసలు పని ఇక్కడితో అయిపోతుంది. ఈ నీరు చూడటానికి తేటగానే ఉంటుంది, వాసన కూడా అంతగా రాదు. కానీ అందులో టైఫాయిడ్, విరేచనాలు కలిగించే బాక్టీరియా, నోరో, హెపటైటిస్-ఎ వంటి వైరస్‌లు, జియార్డియా, క్రిప్టోస్పోరిడియం వంటి ఏకకణ జీవులు, ఏలికపాముల గుడ్లు ఇంకా ఉండవచ్చు. ఏలికపాము గుడ్డు మహా మొండిది. తేమ ఉన్న నీడ మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. కొంకిపురుగు పిల్లలు నోటి దాకా రానక్కర్లేదు, చెప్పుల్లేని పాదాల చర్మంలోంచే లోపలికి పోతాయి.

అందుకే మనుషులు తిరిగే పచ్చికకు ఇంకో రెండు మెట్లు కావాలి. వీటినే మూడో స్థాయి శుద్ధి అంటారు. ఒకటి వడపోత. ఇసుక పొరలతోనైనా చేయవచ్చు, సన్నని రంధ్రాల పొరలతోనైనా చేయవచ్చు. రెండోది క్రిమిసంహరణ. ఈ రెంటి వరస మారకూడదు. నీటిలో నలక మిగిలి ఉంటే, క్రిములు దాని చాటున దాక్కుంటాయి. ఎంత క్లోరిన్ పోసినా, ఎంత అతినీలలోహిత కాంతి వేసినా వాటికి చేరదు. క్లోరిన్ బాక్టీరియాను సులభంగా చంపుతుంది గానీ క్రిప్టోస్పోరిడియం ముందు దాదాపు నిస్సహాయమే. అతినీలలోహిత కాంతి క్రిప్టోస్పోరిడియంను అణచివేస్తుంది, అడినోవైరస్‌ల దగ్గర తడబడుతుంది. పైగా ఆ కాంతి ప్రభావం దీపం దగ్గరే అయిపోతుంది. పైపులో ముందుకు వెళ్లే నీటికి రక్షణ ఉండదు. మంచి కేంద్రాలు రెండింటినీ కలిపి వాడటానికి కారణం ఇదే.

పరీక్షల్లోనూ ఒక చిక్కుంది. కాలుష్యానికి ఆనవాలుగా లెక్కించే కోలిఫాం బాక్టీరియా సంఖ్య తేలడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఫలితం చేతికి వచ్చేసరికి ఆ నీరు లాన్‌లో ఇంకిపోయి ఉంటుంది. కాబట్టి నిమిషనిమిషానికీ కాపలా కాయగలిగేవి రెండే: టర్బిడిటీ, అంటే నీటి మసకతనం చెప్పే మీటరు ఒకటి, మిగిలిన క్లోరిన్ ఎంతో చెప్పే మీటరు ఇంకొకటి. ఏ ఒక్కటి హద్దు దాటినా నీటిని తోట వైపు వెళ్లనీయకుండా వెనక్కి మళ్లించే వాల్వు తనంతట తానే తిరగాలి. ఈ మూడూ లేని చోట 'మూడో స్థాయి శుద్ధి' అని బోర్డు పెట్టుకోవడంలో అర్థం లేదు.

ప్రమాణాలు

కాలిఫోర్నియా రాష్ట్ర నిబంధనావళిలోని 22వ శీర్షికను చాలా దేశాలు ఒరవడిగా తీసుకున్నాయి. పార్కులు, ఆటస్థలాలు, బడి ఆవరణలు, ఇళ్ల తోటలకు వాడే నీటిని వడపోసి, క్రిమిసంహరణ చేసి తీరాలి. 100 మిల్లీలీటర్లలో మొత్తం కోలిఫాంల సంఖ్య ఏడు రోజుల మధ్యగతంగా 2.2 దాటకూడదు. ఏ ఒక్క నమూనాలోనూ 240 మించకూడదు. ఇసుక వడపోత వాడినప్పుడు మసకతనం రోజు సగటున 2 ఎన్‌టీయూ లోపు ఉండాలి, ఏ క్షణంలోనూ 10 దాటకూడదు. వడపోత, క్రిమిసంహరణ కలిసి వైరస్‌లలో లక్షకు ఒకటి మాత్రమే మిగిలేలా చూడాలి. జనం పెద్దగా తాకని శ్మశానవాటికలకు, హైవే పక్క మొక్కలకు ఇంత కట్టుదిట్టం లేదు. అక్కడ కోలిఫాం మధ్యగతం 23 ఉన్నా చాలు. మనిషి ఎంత దగ్గరికి వస్తాడు అన్నదే కొలబద్ద.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంత కఠినమైనవి కావు. పచ్చిగా తినే పంటలకు 100 మిల్లీలీటర్లకు 1000 మల కోలిఫాంల దాకా ఒప్పుకున్నాయి. అయితే ఆ మార్గదర్శకాలే, జనం నేరుగా తాకే హోటల్ లాన్ల వంటి పచ్చికకు మాత్రం 200 మించకూడదని విడిగా చెప్పాయి. కూరగాయలకంటే లాన్‌కు కఠినమైన అంకె పెట్టడం మొదట వింతగా తోస్తుంది. కూరగాయ కోసిన దగ్గర్నుంచి పళ్లెంలోకి వచ్చేలోగా ఎండ తగులుతుంది, కడుగుతారు. లాన్ మీద పసిపిల్ల చేతులు తడి గడ్డికి తగిలి నేరుగా నోట్లోకి పోతాయి. 2006లో ఆ సంస్థ ఒక్క అంకె మీద ఆధారపడే పద్ధతిని పక్కనపెట్టింది. శుద్ధి, నీరు పెట్టే విధానం, పెట్టాక విడిచే సమయం, పనివాళ్ల రక్షణ ఒకదాని వెనుక ఒకటిగా అడ్డుకట్టలు వేయాలని సూచించింది. ఖరీదైన ఎస్టీపీ కట్టలేని ఊరికి ఇది ఊరట. శుద్ధిలో తగ్గినదాన్ని కొంతవరకు డ్రిప్ వాడకంతోనో, కంచెతోనో భర్తీ చేసుకోవచ్చు. కొంతవరకే.

మన దేశంలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2017 అక్టోబరులో ఎస్టీపీల నుంచి బయటికి వదిలే నీటికి ప్రమాణాలు ప్రకటించింది. నీటిలోని సేంద్రియ కాలుష్యాన్ని చెప్పే బీఓడీ మహానగరాల్లో లీటరుకు 20, మిగతా చోట్ల 30 మిల్లీగ్రాముల లోపు. మల కోలిఫాంలు 100 మిల్లీలీటర్లకు 1000 లోపు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్‌లో వీటిని బిగించి బీఓడీ 10, కోలిఫాం 230 అంది. ఈ అంకెలు నదిలోని చేపల కోసం, దిగువ ఊళ్ల కోసం పెట్టినవి. 1000 కోలిఫాంలు ఉన్న నీరు చట్టప్రకారం 'పాసైన' నీరే, కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత, ఉదారమైన లెక్కలో కూడా పిల్లలు ఆడే లాన్‌కు అది పనికిరాదు. కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ 2013 మాన్యువల్ ఉద్యానాలకు, మరుగుదొడ్లకు, వాహనాలు కడగడానికి వాడే నీటికి విడిగా, మరింత కఠినమైన విలువలు సూచించింది. అది మార్గదర్శకం మాత్రమే, చట్టం కాదు.

నీరు పెట్టే తీరు

స్ప్రింక్లర్ కంటే డ్రిప్ మేలు. చెట్లకు, పొదలకు, డివైడర్లకు డ్రిప్‌కు మించింది లేదు. నీరు గాలిలోకి లేవదు, ఆకుకు తగలదు, మనిషికి తగలదు. లాన్‌కైతే మట్టి కిందనే గొట్టాలు పరిచే పద్ధతి ఉంది, ఖర్చెక్కువ. డ్రిప్ రంధ్రాలను ఈ నీటిలోని పాచి, జిగురు త్వరగా మూసేస్తాయి. ఫిల్టరు తరచూ కడగాలి, గొట్టాల చివరలు విప్పి నీటిని వదలాలి.

స్ప్రింక్లర్ తప్పనప్పుడు రాత్రి వేళ పెట్టాలి, పెద్ద చుక్కలు పడే నాజిళ్లు వాడాలి, గాలి వీస్తుంటే ఆపాలి. సన్నని తుంపర్లలో క్రిములు దూరం ప్రయాణిస్తాయి. గోరువెచ్చగా నిలవున్న నీటిలో పెరిగే లెజియొనెల్లా ఊపిరితిత్తులకు చేటు చేసేది ఇలాంటి తుంపర్ల దారిలోనే. కాలిఫోర్నియాలో ఈ తుంపర్లు ఇళ్లలోకి గానీ, ఆరుబయట భోజనం చేసే చోటికి గానీ పడకూడదు. తాగునీటి కుళాయిలకు మూత ఉండాలి. తాగునీటి బావికి 50 అడుగుల లోపు ఈ నీరు పెట్టకూడదు. మన అపార్టుమెంట్లలో లాన్ మధ్యలోనే బోరు ఉంటుంది. ఈ ఒక్క నిబంధన పాటించినా ఎన్నో లాన్లను తిరగగీయాల్సి వస్తుంది.

మన పార్కుల్లో వాకర్లు ఐదు గంటలకే వచ్చేస్తారు. మంచుకు తడిసిన గడ్డి మీద వట్టి కాళ్లతో నడిస్తే కళ్లకు మంచిదనే నమ్మకం కొందరిది. ఆ నమ్మకం సంగతి ఎలా ఉన్నా, రెండు మూడు గంటలకల్లా నీరు పెట్టడం ముగిసి, వాళ్లు వచ్చేసరికి గడ్డి ఆరి ఉండాలి. ఇది ట్యాంకర్ డ్రైవర్ వీలునుబట్టి మారే విషయం కాకూడదు. నీరు నిలిచి మడుగు కట్టకూడదు, రోడ్డు మీదికి పారకూడదు. కుళాయిలను తాళంతో తెరిచే రకంవి పెట్టి, 'ఇది తాగునీరు కాదు' అన్న బోర్డును తెలుగులో, హిందీలో, చదవలేనివారికి బొమ్మతో పెట్టాలి.

ఈ నీటికి అందరికంటే దగ్గరగా ఉండేది తోటమాలి. వాకర్ అరగంట ఉండి పోతాడు, తోటమాలి రోజంతా అందులోనే తడుస్తాడు. కాంట్రాక్టరు కింద పనిచేసే ఆ మనిషికి గమ్‌బూట్లు, చేతి తొడుగులు, పని అయ్యాక కడుక్కోవడానికి సబ్బు, మంచినీళ్ల కుళాయి, ఆర్నెల్లకోసారి నులిపురుగుల మాత్ర, టైఫాయిడ్ టీకా ఇవ్వడానికి అయ్యే ఖర్చు ఎస్టీపీ నెల కరెంటు బిల్లులో ఏ మూలకూ రాదు. అయినా టెండరు పత్రాల్లో ఈ పద్దు అరుదుగా కనిపిస్తుంది.

పైపులు కలిసిపోతే

రెండు పైపుల వ్యవస్థలో అతి పెద్ద ప్రమాదం ఒక పైపు ఇంకోదానికి తగిలించడం. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ పక్కన లైడ్‌షె రైన్ అనే కొత్త నివాస ప్రాంతంలో 2001 డిసెంబరులో ఇలాగే జరిగింది. అక్కడ రెండో పైపులో ఉన్నది మురుగునీరు కూడా కాదు, కొంతవరకే శుద్ధి చేసిన నది నీరు. పని జరిగేటప్పుడు వేసిన తాత్కాలిక కలుపును తీయడం మరిచారు. ఆ నీరు తాగునీటి పైపుల్లోకి పోయి జనం వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. 2003లో ఆ దేశం పెద్ద ఎత్తున రెండు పైపుల సరఫరానే నిషేధించింది. అంతటి క్రమశిక్షణ గల దేశంలోనే ఇలా జరిగింది.

మన దగ్గర ముప్పు ఇంకో రూపంలో ఉంటుంది. తాగునీరు రోజు విడిచి రోజు వస్తుంది. నీరు రాని వేళ పైపులో శూన్యం ఏర్పడి, పక్కనున్న మురికిని లోపలికి పీలుస్తుంది. మోటారు బిగించి లాగితే మరీను. రెండు వరసలకూ ఒకే రంగు పీవీసీ పైపులు వాడతారు. వేసవిలో మంచినీళ్ల ట్యాంకు ఎండినప్పుడు, 'ఈ పూటకు' అని రెండు ట్యాంకుల మధ్య వాల్వు తెరిచేవారు ఉంటారు. కాబట్టి ఆ వాల్వు అసలు ఉండనే కూడదు. తోట ట్యాంకులోకి మంచినీరు పోయాల్సి వస్తే, పై నుంచి గాలిలో ఎడం ఉండేలా పోయాలి. ఊదా రంగు పైపులు, వేరే సైజు కలుపులు, కింది లోతులో పాతడం, ఏడాదికోసారి ఒక వరసను మూసి రెండోదాన్ని తెరిచి చూసే పరీక్ష ఉండాలి. రంగునీళ్లు కలిపి చూడటం ఇంకా తేలిక.

ఉప్పు

క్రిముల గురించి అందరూ భయపడతారు. ఉప్పు గురించి ఎవరూ అడగరు. క్రిములు ఒక వారంలో పట్టుబడతాయి, ఉప్పు మూడు నాలుగేళ్లు తీసుకుంటుంది.

ఇంట్లో ఒకసారి వాడిన నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 150 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా పెరుగుతాయి. సూక్ష్మజీవులతో చేసే శుద్ధి వీటిని తాకను కూడా తాకదు. వడపోత తీయదు, క్లోరిన్ తీయదు. బోరునీటి మీద నడిచే అపార్టుమెంట్లలో అసలు నీరే కఠినం. దాన్ని మెత్తబరచడానికి సాఫ్టెనర్ పెడతారు. సాఫ్టెనర్ కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటి బదులు సోడియంను నీటిలోకి వదులుతుంది. దాన్ని శుభ్రం చేయడానికి బస్తాల కొద్దీ ఉప్పు పోస్తారు. ఆ ఉప్పునీరూ, వంటింటి ఆర్‌ఓ యంత్రం వదిలే నీరూ చివరికి ఎస్టీపీలోకే చేరతాయి. ఒక్క లీటరులో 1000 మిల్లీగ్రాముల లవణాలు ఉన్న నీటిని ఏడాదిలో మీటరు లోతున పెడితే, ఎకరం లాన్‌లోకి 4 టన్నుల ఉప్పు చేరుతుంది. మొక్క నీటిని తాగుతుంది, ఉప్పును మట్టిలోనే వదిలేస్తుంది.

ఆహార వ్యవసాయ సంస్థ కోసం అయర్స్, వెస్ట్‌కాట్ 1985లో సవరించి ఇచ్చిన పట్టికలు ఈనాటికీ ఆధారం. నీటి విద్యుద్వాహకత, అంటే ఈసీ, మీటరుకు 0.7 డెసీసీమెన్ లోపు ఉంటే చింత లేదు. 3 దాటితే చాలా మొక్కలకు గడ్డుకాలం. ఆకుల మీద పడేలా నీరు చల్లితే సోడియం లీటరుకు 70, క్లోరైడ్ 100 మిల్లీగ్రాములు దాటగానే ఆకు అంచులు మాడటం మొదలుకావచ్చు. అదే నీటిని మొదలు దగ్గర పోస్తే మొక్క తట్టుకుంటుంది. మిగిలిన క్లోరిన్ 1 మిల్లీగ్రాము లోపు ఉంటే ఆకుకు హాని లేదు, 5 దాటితే కాలుస్తుంది. అంచు మాడిన ఆకును చూసి తోటమాలి నీరు చాలలేదనుకుంటాడు, అదే నీరు ఇంకాస్త పోస్తాడు. లేదా ఎరువు వేస్తాడు, అదీ ఉప్పే.

గులాబీ, నిమ్మ జాతి ఉప్పును ఓర్వలేవు. గన్నేరు, కాగితం పూల తీగ, కానుగ, సరుగుడు, ఖర్జూరం, కొబ్బరి బాగా తట్టుకుంటాయి. గడ్డిలో మన గరిక గట్టిది. సముద్రతీరపు పాస్పాలం గడ్డి ఇంకా గట్టిది. ఎస్టీపీ నీరు పెట్టాలనుకున్న తోటను గులాబీలతో నింపి తర్వాత ఎస్టీపీని తిట్టడం న్యాయం కాదు.

సోడియం మొక్కకంటే ముందు మట్టిని దెబ్బతీస్తుంది. బంకమన్ను రేణువులను కలిపి ఉంచేది కాల్షియం. ఆ చోటులోకి సోడియం చేరితే రేణువులు విడిపోయి, సందులు మూసుకుని, నీరు ఇంకదు. సోడియం, కాల్షియం-మెగ్నీషియంల నిష్పత్తిని కొలిచే ఎస్‌ఏఆర్ అంకె ఇందుకే. చిత్రమేమంటే, ఈ జబ్బు వేసవిలో అంతగా బయటపడదు. పెట్టే నీటిలోని ఉప్పే రేణువులను కొంత పట్టి ఉంచుతుంది. తొలకరిలో ఉప్పులేని వాననీరు పడగానే పై పొర చెదిరి, గట్టి పెచ్చు కడుతుంది. నల్లరేగడిలో ఇది తీవ్రం. ఎర్ర చల్క నేలల్లో నీరు కిందికి దిగిపోతుంది కాబట్టి కొంత నయం. జిప్సం వేస్తే కాల్షియం అందుతుంది. ఆ తర్వాత ఉప్పును వేళ్ల కిందికి కడిగేయడానికి అదనపు నీరు కావాలి. ఈసీ 1.5 ఉన్న నీటితో, వేళ్ల దగ్గర ఈసీ 3 దాకా తట్టుకునే మొక్కను పెంచాలంటే పెట్టే నీటిలో 11 శాతం వేళ్లను దాటి కిందికి పోవాలి. మన దేశంలో ఆ పనిని చాలావరకు నైరుతి రుతుపవనాలే చేసిపెడతాయి, నేల అడుగున నీరు పారే దారి ఉంటే.

ఎరువు, మిగులు నీరు

ద్వితీయ శుద్ధి నీటిలో లీటరుకు 20 మిల్లీగ్రాముల నత్రజని ఉంటే, ఎకరానికి ఏడాదిలో మీటరు లోతు నీటితో 81 కిలోల నత్రజని అందుతుంది. 45 కిలోల యూరియా బస్తాలు దాదాపు నాలుగు. దీని పైన మళ్లీ యూరియా చల్లితే గడ్డి పిచ్చిగా పెరుగుతుంది, తెగుళ్లు వస్తాయి, మిగిలింది నైట్రేట్‌గా బోరులోకి దిగుతుంది. ఎస్టీపీ నీరు పెట్టే తోటలో ఎరువు కొనే ముందు నీటిని పరీక్ష చేయించుకోవాలి.

అపార్టుమెంట్ల లెక్క మరీ విచిత్రం. 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. ఎస్టీపీ కట్టి, ఆ నీటిని లోపలే వాడుకోవాలనే షరతు అందులో ఉంటుంది. 100 ఫ్లాట్లు, 400 మంది అనుకుందాం. రోజుకు సుమారు 43,000 లీటర్ల మురుగు. మరుగుదొడ్ల ఫ్లష్‌కు 18,000 లీటర్లు పోగా 25,000 మిగులుతాయి. వేసవిలో లాన్‌కు చదరపు మీటరుకు 5 లీటర్లు అనుకుంటే, ఆ నీటికి ఎకరంపావు పచ్చిక కావాలి. అంత లాన్ ఉన్న 100 ఫ్లాట్ల సముదాయాలు ఎన్ని? వానాకాలంలో ఆ కాస్త అవసరమూ ఉండదు. నీరు మాత్రం రోజూ వస్తుంది. అలా లాన్ నీటిని వదిలించుకునే చోటుగా మారుతుంది. మడుగులు, దోమలు, వాసన, చచ్చిన వేళ్లు అన్నీ దాని ఫలితమే. తోటకు నీరు పెట్టడం వేరు, తోటలో నీరు పారబోయడం వేరు. మిగులు నీటికి ఇంకో దారి ముందే చూడాలి. భవన నిర్మాణం, కూలింగ్ టవర్లు, ఊరి పార్కులు ఉన్నాయి. శుద్ధి చేసిన మిగులు నీటిలో సగం దాకా అమ్ముకోవడానికి కర్ణాటక 2024లో అపార్టుమెంట్లకు అనుమతి ఇచ్చింది. ఇది సరైన దిశ.

దేశంలో పరిస్థితి

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020–21 లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు వస్తుండగా, నిజంగా శుద్ధి అవుతున్నది 20,235 మిలియన్ లీటర్లే. చండీగఢ్‌లో పచ్చిక బయళ్లకు, పెద్ద ఇళ్ల లాన్లకు మూడో స్థాయి శుద్ధి నీటిని ప్రత్యేక పైపుల్లో ఇస్తున్నారు. వాసన వస్తోందన్న ఫిర్యాదులు మాత్రం ఏళ్లుగా వినిపిస్తున్నాయి. బెంగళూరులోని కబ్బన్ పార్కుకు, లాల్‌బాగ్‌కు సొంత శుద్ధి కేంద్రాలున్నాయి. 2024 మార్చి కరువులో బెంగళూరు జలమండలి తోటలకు తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అని ఉత్తర్వు ఇచ్చింది. హైదరాబాద్‌లో అంబర్‌పేట, నాగోల్ వంటి పాత కేంద్రాలకు తోడు 31 కొత్త ఎస్టీపీలు మంజూరయ్యాయి. వాటి సామర్థ్యం రోజుకు 1,259.5 మిలియన్ లీటర్లు. నీటికి కొదవ ఉండదు.

అయితే ఆ పైపుల్లోకి ఏం వస్తోందన్నదీ చూడాలి. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. ఇళ్ల మురుగును శుద్ధి చేయడానికి కట్టిన ఎస్టీపీ అలాంటి వాటిని తీయలేదు. ఉద్యానాలకు వాడదలచుకున్న నీటిలో పరిశ్రమల వ్యర్థాలు కలవకుండా చూడటం మొదటి షరతు.

రెండో షరతు కాగితం మీదిది. ఎస్టీపీ నెలవారీ నివేదికలో బీఓడీ, సీఓడీ, పీహెచ్ ఉంటాయి. పచ్చికకు ఆ నీరు పెట్టే సంస్థ గానీ, అపార్టుమెంటు సంఘం గానీ వాటి పక్కనే మల కోలిఫాం, మసకతనం, మిగిలిన క్లోరిన్, ఈసీ, సోడియం, క్లోరైడ్, ఎస్‌ఏఆర్, నైట్రేట్ కూడా అడగాలి. ఇవి లేని నివేదిక నదికి సంబంధించినది, తోటకు సంబంధించినది కాదు.